డిక్కీలో దీపం

మొంబాసా రేవులో దిగిన ప్రోబాక్స్ బండి ఏదైనా కియారు బజారుకి వచ్చిందంటే ముందు ఆగేది గత్వీరి షెడ్డు దగ్గరే. ఆమె స్క్రూడ్రైవర్ పట్టుకుని డిక్కీలోకి వంగి, కప్పుకి బిగించిన చిన్న దీపాన్ని ఊడదీస్తుంది. తీగల కొసలకి నల్ల టేపు చుట్టి లోపలి గుడ్డ వెనక్కి తోసేస్తుంది. దీపాన్ని వనస్పతి డబ్బాలో పడేస్తుంది. మొత్తం కలిపి టీ చల్లారేంత పని. పదహారేళ్ళలో మూడు డబ్బాలు నిండాయి.

ఎందుకు తీయాలని ఎవరూ అడగరు. డిక్కీ తను మోసిన బరువుని మర్చిపోదని న్యాంబెనె కొండల్లో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఎండలో చూస్తే అందులో ఉన్నదే కనపడుతుంది. టార్చి వేసినా అంతే. కానీ అదే బండి బ్యాటరీ మీద వెలిగే దీపం అందులో ఉంటే, తలుపు ఎత్తగానే ఆఖరున మోసింది కనపడుతుంది. మూసి మళ్ళీ ఎత్తితే అంతకు ముందుది. మళ్ళీ ఎత్తితే ఆ ముందుది. ఎవరి బరువులు వాళ్ళవి. పక్క ఊరి మేక కావచ్చు, సరిహద్దు దాటొచ్చిన పంచదార కావచ్చు, ఇంకొకడి పెళ్ళాం కావచ్చు. చర్చికి బండి కొన్న పాస్టరు గారైతే కిందికి దిగకముందే, "ఆ దీపం సంగతి చూడమ్మా," అన్నాడు.

ఆ బుధవారం సంత. పొద్దున తొమ్మిదింటికి కిన్యా తన ప్రోబాక్స్‌ని గత్వీరి కూర్చున్న స్టూలుకి ఆనించినంత పని చేసి ఆపింది. దిగి, ఆమె ఒళ్ళోకి ఒక ఎల్ఈడీ పట్టీ విసిరింది. జానెడు పొడవు, ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది.

"ఇది వెనక తలుపుకి బిగించు."

"డిక్కీలో దీపం తీయడమే నా పని. పెట్టను."

"పెట్టడం రాదా?"

"పెట్టమన్నవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు."

"పుట్టాను. బిగించు."

నెల కిందటి దాకా ఈ పిల్లే 'అక్కా' అనకుండా మాట మొదలుపెట్టేది కాదు. గత్వీరి ఆ సంగతి గమనించి ఊరుకుంది. అనకపోవడానికి కారణం ఉంది.

కిన్యా మొగుడు మురీథి, బారియు దగ్గర డ్రైవరు. బారియుకి పదకొండు బండ్లు ఉండేవి. కొండల మీద కోసిన, నమిలితే మత్తెక్కే మిరా ఆకు అరటాకుల్లో కట్టలు కట్టి అతని బండ్లలోనే నైరోబీకి పరుగెత్తేది. పందొమ్మిది రోజుల కింద మురీథి శవం వాగులో తేలింది. పంగా కత్తితో చెంప నించి దవడ దాకా నరికేశారు. మొహమంటూ మిగల్లేదు. పెట్టెకి మేకులు కొట్టి మరీ ఇంటికి తెచ్చారు. వాగు ఒడ్డున బండి దొరికింది, డిక్కీలో నెత్తురుంది. అదే బండికి ఆకు కట్టలు ఎక్కించే కోమే ఆ రోజు నించీ కనపడలేదు. కోమే, గత్వీరి తమ్ముడు. ఆమె పెంచిన పిల్లాడు.

"సరుకు మీద ఆశపడి కోమేయే చంపాడు, ఈ బండిలోనే తెచ్చి పడేశాడు," అని సమాధి దగ్గర బారియు చెప్పాడు. ఎడమ చేతికి ఇంత లావు కట్టుంది. ఆ వారమే మేత నరికే మిషన్‌లో పడి వేలు తెగిందన్నాడు. అంత నొప్పితో కూడా వచ్చి నిలబడ్డాడే అని ఆడవాళ్ళు అతన్ని కూడా ఓదార్చారు. అక్కడే అందరి ముందూ, కడిగించి తెచ్చిన ఆ బండి తాళాలు కిన్యా చేతిలో పెట్టాడు. ఇంత పెద్ద మనసు ఎవరికుంటుందని పాస్టరు గారు ప్రార్థనలో కలిపి చెప్పాడు.

కోమే చంపలేదని గత్వీరి పందొమ్మిది రోజులుగా కనపడిన ప్రతివాళ్ళకీ చెప్తోంది. తనకి తాను చెప్పుకునేటప్పుడు మాత్రం గొంతు కొంచెం తగ్గేది. వాడు ఒకసారి జాకీ రాడ్డుతో ఒకడి పళ్ళు రాలగొట్టాడు.

"నీకెందుకు ఇది?" అంది పట్టీ తిప్పి చూస్తూ.

"మా ఆయన మొహం చూడకుండా పూడ్చాను. ఈ డిక్కీలో ఉన్నప్పుడైనా మొహం ఉండి ఉంటుందేమో చూస్తా." కిన్యా కళ్ళు పొడిగా ఉన్నాయి. "నీ తమ్ముడి చేతిపని కూడా కనపడితే నువ్వూ చూద్దువు గాని. ఏం, భయమా?"

"భయమే," అంది గత్వీరి. "ఆ స్టూలు మీద కూర్చో. దాని కుంటికాలు వైపు ఒరగకు."

బిగించకపోతే రేపు ఇదే మాట బజారంతా అంటుంది. బిగిస్తే ఏం కనపడుతుందో తెలీదు. తెలీకుండా ఇంకో పందొమ్మిది రోజులు తిండి మింగడం తన వల్ల కాదనుకుంది గత్వీరి.

వెనక తలుపు ఎత్తి, లోపలి అట్ట ఊడదీసింది. తలుపు కింది అంచున పట్టీ పెట్టి రెండు స్క్రూలు బిగించింది. తీగ లాగడమే కష్టం. కప్పు నించి తలుపులోకి వెళ్ళే రబ్బరు గొట్టం వేలెడు లావు లేదు. సైకిలు పుల్లకి తీగ కట్టి, సబ్బు రాసి, కొద్ది కొద్దిగా తోసింది. గుడ్డ వెనక చెయ్యి పెట్టి తడిమితే ఆరేళ్ళ కింద తన చేత్తో చుట్టిన నల్ల టేపు తగిలింది.

అప్పుడు ఆకు మండీ వైపు నించి కేక వినపడింది.

"దొరికాడు! దొంగ దొరికాడు!"

కోమే టీ ఆకు కొనే పాకలో అటక మీద దాక్కున్నాడట. కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొస్తున్నారు. తల రాళ్ళకి తగులుతూ వస్తోంది. పార కర్రలతో కొట్టేవాళ్ళు, చెప్పులతో కొట్టేవాళ్ళు, సంతకొచ్చి ఏమిటో తెలియకపోయినా ఒక దెబ్బ వేసి పోయేవాళ్ళు. బంగాళాదుంపలు అమ్ముకునే ముసలమ్మ కూడా లేచొచ్చి తూకం రాయి విసిరింది. అది కోమే కంటికి తగిలింది. కన్ను కన్నులా లేకుండా పోయింది.

ఒకడు గత్వీరి షెడ్డు ముందున్న కుప్పలోంచే అరిగిన టైరు ఒకటి దొర్లించుకుపోయి కోమే మెడలో వేశాడు. ఇంకొకడు ఆమె పెట్రోలు సీసా తీసుకుని పోశాడు. అడగను కూడా లేదు.

గత్వీరి రెంచి పట్టుకుని గుంపులోకి దూరింది. ఒకడి భుజం విరిగిన చప్పుడు వినపడింది. రెండోవాడి మోకాలు. మూడోసారి చెయ్యెత్తేలోపు బారియు మనిషి ఇనప పైపుతో ఆమె ఎడమ మణికట్టు మీద కొట్టాడు. ఎముక చర్మంలోంచి తొంగి చూసింది.

"వాడు నా తమ్ముడురా!"

"నీ తమ్ముడని టైరు నీ దగ్గరే తీసుకున్నాం," అన్నాడొకడు. నలుగురు నవ్వారు.

బారియు నెమ్మదిగా వచ్చాడు, కట్టు కట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని. "ఆగండి," అన్నాడు. ఆగారు. కియారులో ఇలాంటి పనికి ఒక మర్యాద ఉంది. అగ్గిపుల్ల గీసే హక్కు, మనిషిని పోగొట్టుకున్నవాళ్ళది. అతను కిన్యాని ముందుకి పిలిచి, అగ్గిపెట్టె తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "నీదమ్మా ఇది. తొందరేం లేదు. మనసు గట్టి చేసుకో."

అరిచి లాభం లేదని గత్వీరికి అర్థమైంది. వెనక్కి పరుగెత్తింది. ఎడమ చెయ్యి వేలాడుతోంది. నల్ల టేపుని పళ్ళతో పీకింది. ఎర్ర తీగని ఎర్ర తీగతో కుడి చేత్తో మెలిపెట్టింది. నల్ల తీగ పైపొరని పళ్ళతో ఒలిచి, బండి ఇనుముకున్న స్క్రూ కింద నొక్కింది. తలుపు మూసి ఎత్తింది.

తెల్లటి వెలుగు. డిక్కీ నిండా క్యాబేజీలు, నిన్నటివి, ఇంకా తడిగా.

మూసి ఎత్తింది. మేక, కాళ్ళు కట్టేసి.

మూసి ఎత్తింది. అంత్యక్రియలకి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదాంట్లో ఒకటి.

అవతల కిన్యా పుల్ల తీసింది.

గత్వీరి మూసి ఎత్తింది. చూసింది.

"కిన్యా!" అంది. "నీ దీపం వెలిగింది. వచ్చి చూసుకో. తర్వాత గీద్దువుగాని."

కిన్యా కదిలింది. ఆమెకి దారివ్వడం కూడా మర్యాదే కాబట్టి గుంపు పక్కకి తప్పుకుంది. బారియు గొంతు మారిపోయింది. "ఆ దీపం పగలగొట్టండిరా!" పైపు పట్టుకున్నవాడు ఉరికాడు. వెనక అద్దం ముక్కలైంది. అంచున ఉన్న పట్టీ మాత్రం అలాగే వెలుగుతోంది. రెండోసారి ఎత్తబోయిన వాడు డిక్కీలోకి చూసి పైపు దించాడు.

మురీథి మోకాళ్ళు ముడుచుకుని పక్కకి పడుకున్నాడు. గొంతు కింద లోతుగా గాటు. మొహం మొత్తం ఉంది. చెంప, దవడ, కిన్యా ఎప్పుడూ వెక్కిరించే ఆ చిన్న గడ్డం. పళ్ళు బిగించి ఉన్నాయి. పళ్ళ మధ్య వేలుంది. వేలికి ఎర్రరాయి ఉంగరం.

బేరం తెగినప్పుడల్లా బారియు బల్ల మీద టకటకా కొట్టే ఆ ఉంగరం తెలియనివాళ్ళు కియారులో లేరు.

కిన్యా చెయ్యి చాపింది. అరచెయ్యి మొగుడి చెంపలోంచి దూరి రేకుకి తగిలింది. అలాగే కాసేపు ఉంచింది. "మొహం ఉంది," అంది. తర్వాత, "వేలు తీసుకోవడానికి నరికాడు," అంది.

బజారంతా ఒక కట్టు వైపు తిరిగింది.

"మేత మిషను..." అన్నాడు బారియు.

టైరు మెడలో ఉన్న కోమే నెత్తురు ఉమ్మాడు. "నేను చూశాను. చెప్తే ఎవరు నమ్మేవాళ్ళు? దీపం లేకుండా మీరు నన్ను నమ్మేవాళ్ళా?"

సమాధానానికి బదులు బారియు మీద పడ్డారు. ముందుగా పైపు ఎత్తింది అతని మనిషే. రెండు మోకాళ్ళూ విరిగాయి. కట్టు ఊడిపోయింది, వేలు లేని చోటుని ఒకడు మడమతో తొక్కాడు. తూకం రాయి వేసిన ముసలమ్మ దాన్ని వెతుక్కుని మళ్ళీ తెచ్చింది. టైరు ఒక మెడలోంచి ఇంకో మెడలోకి మారింది.

"ఇక్కడ వద్దు," అంది కిన్యా. అగ్గిపెట్టె ఇంకా చేతిలోనే ఉంది. "పోలీసు స్టేషనుకి నేను తీసుకెళ్తా. నా బండిలో."

హక్కు ఆమెకి ఇచ్చారు. తిరిగి తీసుకునే మొహం ఎవరికీ లేదు. ఆకు కట్టలు కట్టే నారతాడుతో బారియుని చేతులూ కాళ్ళూ కలిపి కట్టి డిక్కీలో పడేశారు. తలుపు మూసేటప్పుడు అతను బూతులు తిడుతూనే ఉన్నాడు. కిన్యా ఒక్కతే బండెక్కింది. స్టేషను పన్నెండు కిలోమీటర్లు. మధ్యలో వాగు.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. మలుపు దగ్గర తాళ్ళు తెంపుకుని, తలుపు తన్ని దూకి, అడవిలోకి పారిపోయాడని కిన్యా పోలీసులకి చెప్పింది. రెండు రోజులు వెతికారు. విరిగిన మోకాళ్ళతో ఎలా పారిపోయాడని ఎవరో అడగబోతే పక్కవాళ్ళు మాట మార్చారు. మోయాలే దాటి ఇథియోపియా పోయి ఉంటాడన్నారు.

కోమే బతికాడు. ఒక కన్ను పోయింది, నాలుగు పక్కటెముకలు విరిగాయి. గత్వీరి ఇంట్లో పడుకుని గంజి తాగుతూ, ఉప్పు చాలలేదని సణిగేంత వరకు కోలుకున్నాడు.

తొమ్మిదో రోజున కిన్యా వచ్చింది. వెనక అద్దం లేని చోట ప్లాస్టిక్ కాగితం అతికించి ఉంది.

"అక్కా," అంది.

గత్వీరి తలెత్తింది. పిండికట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో ఉంది.

"ఆ దీపం తీసెయ్యి అక్కా. బ్యాటరీ తినేస్తోంది."

అంత చిన్న పట్టీ బ్యాటరీని ఏమీ చెయ్యదని ఇద్దరికీ తెలుసు. గత్వీరి స్క్రూడ్రైవర్ పట్టుకుని లేచి వెనక తలుపు ఎత్తింది.

తెల్లటి వెలుగు పడింది. బారియు మోకాళ్ళు ముడుచుకుని పక్కకి పడుకున్నాడు. నారతాడు చేతులకీ కాళ్ళకీ ఒక్క పోగు తెగకుండా ఉంది. చెంప నించి దవడ దాకా మొహం లేదు.

టీ చల్లారేంత సేపు గత్వీరి అక్కడే నిలబడింది. కిన్యా ఆమెవైపు చూడలేదు. బజారు అవతల కూరలు దించుకుంటున్న వాళ్ళని చూస్తోంది. ఆమె బొటనవేలు చూపుడువేలి గోరుని గీరుతోంది.

"సంతకి వెళ్ళడంలేదా?" అంది గత్వీరి.

"లేదక్కా. ఆ రోజు నించి ఏమీ వెయ్యలేదు."

"రేపు క్యాబేజీ వెయ్యి. ఎల్లుండి ఇంకేదైనా వెయ్యి. డిక్కీ ఖాళీగా ఉంచకు."

"సరే అక్కా."

గత్వీరి ఒంటి చేత్తో రెండు స్క్రూలు తీసింది. తీగ లాగింది, వెలుగు పోయింది. డిక్కీలో స్పేర్ టైరూ ఎండిపోయిన క్యాబేజీ ఆకూ మిగిలాయి. కొసలకి నల్ల టేపు పళ్ళతో తెంపి, ఇదివరకటి కంటే రెండు చుట్లు ఎక్కువ చుట్టి, గుడ్డ వెనక్కి తోసింది.

నాలుగో వనస్పతి డబ్బా కడిగి బోర్లించి ఉంది. దాన్ని తిప్పి పట్టీ అందులో పడేసింది. ఖాళీ డబ్బా కాబట్టి చప్పుడు గట్టిగా వచ్చింది. మూత పెట్టి అరచేత్తో నొక్కింది.