విప్పని పలుపు

కృష్ణ ఒడ్డున పొలాల్లో వరద బురద ఇంకా ఆరనే లేదు, అప్పుడే పంచాయతీ ముందు సభ పెట్టారు. రాయచూరు నుంచి వచ్చిన అధికారి పరశురామ్ మైకు పట్టుకుని తెగ మురిసిపోతున్నాడు. డ్యాము వదిలిన నీళ్లు, ఎగువ కురిసిన వాన, పల్లపు ఇళ్లు, రేషను కార్డుల్లోని ఫోన్ నంబర్లు, అన్నీ ఒక్క కంప్యూటర్లో కలిపారట. వరదకు ముందే ఇంటింటికీ హెచ్చరిక పోయిందట. ఒక్క ఇల్లూ తప్పలేదట!

ఉలిగెమ్మకు ఒళ్లు మండింది. చచ్చిన బర్రె మెడ నుంచి కోసి తీసిన పలుపు భుజాన వేసుకుని లేచింది.

"మా ఇంటికి రాలే సారూ."

అతను ట్యాబులో వెతికాడు. "వచ్చిందమ్మా. అమరేశ్ నంబర్‌కు చేరింది."

అమరేశ్ ఆమె మొగుడు. బెంగళూరులో సెంట్రింగు పని. పనివేళ కూలీల ఫోన్లన్నీ మేస్త్రీ పెట్టెలో ఉంటాయి. అన్నం వేళ దాటాక వచ్చిన మెసేజ్‌ను సాయంత్రం అమరేశ్ చూసేసరికి కొట్టం మీదుగా కృష్ణ పారుతోంది. ఆ పూట ఉలిగెమ్మ మెరక చేలో కలుపు తీస్తోంది, కొంగున ఫోన్ ఉంది. ముందే తెలిస్తే పరుగున పోయి పలుపులు విప్పేది. బర్రెలు వాటంతట అవే గట్టెక్కేవి. ఇప్పుడు మిగిలింది ఒక్క దూడ. ఎగువ ఇంకా వాన పడుతూనే ఉంది.

"నా నంబర్ రాసుకో."

"పాత నంబర్‌కు ఓటీపీ పోతదమ్మా. అది చెప్తేనే మారుతది."

అందరూ వినేట్టు స్పీకర్ పెట్టి మొగుడికి ఫోన్ చేసింది. అన్నం వేళ కాబట్టి ఎత్తాడు.

"ఆఫీసోళ్లకు ఆడోళ్ల నంబర్ ఎందుకే? పదిమంది చేతుల పడ్తది. ఎవడన్నా పాడు ఫోన్లు చేస్తే?"

ఊళ్లో మగాళ్లందరి మాటా అదే. కార్డులు చేయించినప్పుడు ఒక్క ఆడదాని నంబరూ ఇవ్వనివ్వలేదు.

"పాడు ఫోన్ చేసినోన్ని నేను తిడ్త, వాని ఏడు తరాలను తిడ్త! తిడితె కృష్ణ ఆగుతదా? కట్టేసిన గుంజకాడనే సచ్చినయి నా బర్రెలు. చెప్పు, ఓటీపీ చెప్పు!"

పరశురామ్ ట్యాబులో ఆమె నంబర్ కొట్టి ఓటీపీ పంపాడు. అమరేశ్ ఒక్కో అంకే గొణిగాడు.

వెనక కూర్చున్న ఆడవాళ్లు కొంగుముళ్లు విప్పి ఫోన్లు తీసి, ఓటీపీ కోసం తమవాళ్లకు కలిపారు. పరశురామ్ మైకు కింద పెట్టేశాడు. సభంతా మొగుళ్లకు తిట్లే వినిపిస్తున్నాయి.