కరుణమ్మ అడిగిన ప్రశ్న

నేను ఒక రిట్ పిటిషన్‌ని. నూట పన్నెండు పేజీలు, ఎడమ అంచున రెండు రంధ్రాలు, వాటిలో ఎర్రదారం. ఏడేళ్ళు హైకోర్టులో బతికాను. అందులో నన్ను తెరిచి చదివిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మిగతా కాలమంతా వాయిదా పడుతూ గడిపాను.

నేను పుట్టింది లాయరు హైమవతి గారి ఆఫీసులో. మోకాళ్ళ నొప్పులతో కోర్టు మెట్లెక్కలేక, ఇక కొత్త కేసులు చాలని ఆమె అనుకుంటున్న రోజుల్లో ఒంగోలు అవతలి ఊరి నుంచి దారా కరుణమ్మ వచ్చింది. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. మాదిగ మనిషి వండితే మా పిల్లలు తినరని ఊరి పెద్దలు పట్టుబట్టి, నాలుగు రోజులు పిల్లల్ని బడికి పంపలేదు. ఐదో రోజున అధికారి ఒకాయన వచ్చి, నోటిమాటతోనే ఆమెను పనిలోంచి తీసేశాడు.

హైమవతి గారు పది రోజులు పాత తీర్పులు ముందేసుకుని కూర్చున్నారు. ఏ కేసులో అసలు జరిగిందేమిటి, కోర్టు తేల్చిందేమిటి, మాటవరసకు అన్నదేమిటి అని విడదీసి రాసుకున్నారు. తాత్కాలిక ఉద్యోగుల కేసులు చాలామటుకు ఓడిపోయాయి. గెలిచినవి నోటీసు ఇవ్వలేదన్న ఒక్క కారణం మీదే గెలిచాయి. అందుకని నా మూడో పేజీలో కోర్టు తేల్చాల్సిన ప్రశ్నను ఇలా పెట్టారు: నోటీసు ఇవ్వకుండా వంటమనిషిని తొలగించడం చెల్లుతుందా? సంతకం పెట్టడానికి వచ్చిన కరుణమ్మకు అది చదివి వినిపించారు.

కరుణమ్మ కలం పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

“అయితే నోటీసిచ్చి తీసేసుంటే సరిపోయేదామ్మా?”

హైమవతి గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ముప్ఫై ఏళ్ళలో తన వాదాన్ని ఏ జడ్జీ ఇంత సూటిగా కొట్టెయ్యలేదని ఆ సాయంత్రం గుమస్తాతో అన్నారు. నా మూడో పేజీ చెత్తబుట్టలో పడింది. కొత్త పేజీలో నోటీసు ఊసే లేదు. అంటరానితనాన్ని రాజ్యాంగం పదిహేడో అధికరణంతో రద్దు చేశాక, ఊరు ఒప్పుకోలేదన్న కారణంతో ప్రభుత్వం ఒక మనిషి చేతి వంటను కాదనవచ్చా? ఇలా అడిగితే ఓడిపోయే అవకాశమే ఎక్కువని ఆమె దాచకుండా చెప్పారు. కరుణమ్మ సంతకం పెట్టింది.

ఆ తర్వాత ముగ్గురు జడ్జీలు మారారు. ప్రతి ఒక్కరూ నన్ను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టేవారు; రెండో పేజీకి వచ్చేసరికి భోజన విరామం అయ్యేది. పిల్లల ఆకలి చూడలేకే తీసేశామని ప్రభుత్వం జవాబు వేసింది. పిల్లల్ని తిననివ్వనిది ఎవరో అందులో రాయలేదు.

ఐదో ఏట ప్రభుత్వ లాయరు ఒక రాజీ తెచ్చాడు. ఆ ఊరి మాదిగపల్లెలో ఉన్న బడిలో ఆమెకు వంటపని ఇస్తారు, కేసు వదులుకోవాలి. హైమవతి గారు అప్పటికి బాగా అలిసిపోయారు. ఒప్పుకోమనే సలహా ఇచ్చారు. జడ్జి గారు కరుణమ్మను ముందుకు పిలిపించి, ఇది నీకు ఇష్టమేనా అని తెలుగులోనే అడిగారు.

“మా పల్లె బళ్ళో నన్నెవురూ కాదన్లేదయ్యా. నేనడిగింది ఆ బడి గురించి కాదు,” అంది కరుణమ్మ.

కేసు మళ్ళీ వాయిదా పడింది. ఇంకో రెండేళ్ళకు తీర్పు వచ్చింది. ప్రభుత్వం అలా కాదనడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. అయితే వంటపనికి పెట్టిన వయసు పరిమితి కరుణమ్మకు అప్పటికే దాటిపోయింది కాబట్టి, ఉద్యోగం మాత్రం ఇప్పించలేమని చివరి పేరాలో రాసింది.

నన్ను రికార్డు రూముకు పంపారు. ఇప్పుడు కుర్ర లాయర్లు వచ్చి నా నకళ్ళు తీసుకుంటారు. కరుణమ్మ కేసు అంటారు. వాళ్ళలో కరుణమ్మను చూసినవాళ్ళు లేరు.

ఒకసారి హైమవతి గారే నకలు కోసం వచ్చారు. రికార్డు రూము చూసే నాంచారయ్య స్టూలు వేసి, కరుణమ్మ ఎట్లా ఉందండీ అని అడిగాడు.

“తీర్పు కాగితం పట్టుకుని బడికి వెళ్ళిందట. ఒక్క పూట వండిపెడతానని హెడ్మాస్టరుని అడిగితే ఒప్పుకున్నాడు. నలభై మూడు మంది పిల్లలు. ఇరవై తొమ్మిది మంది తిన్నారు.”

“మిగతావాళ్ళు?”

“లేచి వెళ్ళిపోయారు. వాళ్ళ కంచాలు కూడా తనే కడిగి వచ్చింది.”

 నాంచారయ్య దారం బిగించి నన్ను పై అరలోకి ఎక్కించాడు. ఆ పద్నాలుగు మంది ఎందుకు లేచారని ఏ కోర్టూ నన్ను అడగలేదు. అడిగినా, నా నూట పన్నెండు పేజీల్లో అది ఎక్కడా రాసి లేదు.