మిర్లాని రమ్మనే మాట

మా ఆయన ఆర్సెనియో పోయినప్పటి నుంచి మా కుక్క మిర్లా వీధి తలుపు దగ్గర్నుంచి కదిలేది కాదు. బలవంతాన బయట తిప్పి తెచ్చినా మళ్లీ అక్కడికే. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, లేచి తోక ఊపేది. ఆ అడుగులు పై అంతస్తుకు వెళ్లిపోగానే మెడ పైకెత్తి ఏడుపు లంకించుకునేది. నిజం చెబుతున్నాను, అది తోక ఊపినప్పుడల్లా తలుపవతల ఆయన తాళంచెవి కోసం జేబులు తడుముకుంటున్నాడనే అనిపించేది. తీసి చూసేదాన్ని కూడా. చలిగాలి తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

కింది ఇంటి నోహొరా ఊరుకుంటుందా? మా భవనం సంఘానికి ఆవిడే పెద్ద.

"ఎడెల్మిరమ్మా, మీ బాధ నాకు తెలియదా? కానీ మా అత్తగారికి కంటి మీద కునుకు లేదు. దీన్ని శిక్షణకన్నా పంపండి, లేదా ఎవరికైనా ఇచ్చేయండి. ఈ నెల దాటితే నా చేతుల్లో లేదు" అంది.

"ఇచ్చేయడమా! ఆయన మిగిల్చి వెళ్లింది ఇదొక్కటే" అని కయ్యిమన్నాను.

మొదట ఊరి చివర పేరున్న శిక్షణ బడికి తీసుకెళ్లాను. మైదానం నిండా కుక్కలు, ఈలలు, పాటల హోరు. నల్లకళ్లద్దాల శిక్షకుడు "కూర్చో!" అంటూ మెడగొలుసు గుంజాడు. మిర్లా వణుకుతూ నిలబడే ఉంది. "కూర్చోవే!" ఊహూ. అక్కడే ఉచ్చ పోసేసింది.

"దీనికి చెవుడేమో అమ్మగారూ, చూపించండి" అన్నాడు.

"చెవుడు నీ తాతకి! కింద నోహొరా తాళం తిప్పితే పైన చెవులు రిక్కించే కుక్క ఇది" అని దాన్ని లాక్కుని వచ్చేశాను.

రెండో బడికి వెళ్లినప్పుడు బుద్ధి తెచ్చుకుని, చేర్చే ముందు ఒకసారి చూస్తానన్నాను. ఫ్లోర్ అల్బా అనే ఆవిడ ఇంటి వెనక పెరట్లో నేర్పుతుంది. "చూడండమ్మా. నచ్చకపోతే వెళ్లిపోండి. కుక్క మొహం చూస్తే మీకే తెలుస్తుంది" అంది. నాలుగే కుక్కలు, దూరదూరంగా ఉన్నాయి. ఎవరూ అరవడం లేదు. మిర్లా నా కాళ్ల వెనక నుంచి ముక్కు బయటపెట్టింది. ఆ మాత్రానికే నాకు ఏడుపొచ్చింది.

అంతలో తన కుక్కతో ఒక ముసలావిడ కుంటుకుంటూ వచ్చింది. ఫ్లోర్ అల్బా ఆవిడకు కుర్చీ చూపించి, "కూర్చోండమ్మా" అంది.

మిర్లా కూర్చుంది.

ఆ 'అండమ్మా' మా ఆయన మాట! నేను బరంకీయా మనిషిని. మా సముద్రపొడ్డున ఎవరినైనా నువ్వనే అంటాం. ఈ తున్హా కొండల్లో మొగుడూ పెళ్లాలు కూడా మీరనే అనుకుంటారు. పెళ్లైన కొత్తలో ఆయన నన్ను మీరంటుంటే, అలిగాడేమోనని బెంగపెట్టుకున్నాను. కుక్కని కూడా "రండమ్మా, తినండమ్మా" అనేవాడు. "బిషప్పుగారిని పెంచుతున్నావా?" అని ఎగతాళి చేసేదాన్ని. మిర్లాకు వచ్చిన మాటలు అవేనని నాకు తట్టనే లేదు. ఆయన పోయాక దాన్ని "లేవవే, రావే" అని అరుస్తూనే ఉన్నాను.

ఈలోగా అక్కడొకాయన తన కుక్కని "ఇక్కడే ఉండండి" అని కూర్చోబెట్టి, ఎవరితోనో కబుర్లలో పడి గేటు దాకా వెళ్లిపోయాడు. ఫ్లోర్ అల్బా ఆయన్ని కేకేసింది.

"అయ్యో, అలా పోతే ఎలాగండీ? ఉండమన్నాక 'ఇక చాలు, రండి' అనాలి కదా! అనకపోతే దాని పని తీరనట్టే. పాపం, అలాగే కూర్చుంటుంది."

మా ఆయన ఇల్లు వదిలిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కింద టాక్సీవాడు హారన్ కొడుతున్నాడు. ఆయన ఒక చేత్తో ఛాతీ పట్టుకుని, గుమ్మంలో వంగి మిర్లా తల నిమిరాడు. "ఇక్కడే ఉండండమ్మా, ఇప్పుడే వచ్చేస్తా" అన్నాడు. ఆసుపత్రి నుంచి మళ్లీ రాలేదు. ఇన్నాళ్లుగా అది ఆయన మాట వింటోంది, అంతే. దాన్నా నేను తిట్టింది!

ఇంటికి రాగానే మిర్లా తన చోటుకే వెళ్లి పడుకుంది. నేను ఎదురుగా చతికిలబడ్డాను. దాన్ని విడిపించే మాట అనడానికి మనసొప్పలేదు. అంటే ఆయన ఇక రాడని నేనే చెప్పినట్టు కదా! చివరికి అచ్చం ఆయన అనే తీరులోనే, "ఇక చాలు. రండమ్మా" అన్నాను.

మిర్లా నా మొహంలోకి చూసింది. తర్వాత నా భుజం మీదుగా వెనక్కి చాలాసేపు చూసింది. తిరిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది. అప్పుడది లేచి ఒళ్లు విరుచుకుని, వంటింట్లోకి నడిచి, గిన్నెడు నీళ్లు తాగి పొయ్యి పక్కన నిద్రపోయింది.

సాయంత్రం మెట్ల మీద అడుగులు వినిపించాయి. మిర్లా తలెత్తలేదు. నేనే గరిటె పడేసి తలుపు దగ్గరికి పరిగెత్తాను.

నోహొరా నిలబడి ఉంది. "ఇవాళ చప్పుడే లేదు! భలే నేర్పించారే! ఇక ఎవరూ ఏమీ అనరు, ఉంచుకోండి" అంది.

"సంతోషం" అన్నాను. తలుపు వేసి, అక్కడే, మిర్లా పడుకునే చోటే కూర్చుండిపోయాను. "ఇక చాలు, రండి" అని నన్ను పిలవాల్సిన మనిషి లేడు.