పేరు లేని ఫంక్షన్ ఇచ్చిన జవాబు

మా చిన్నాడపడుచు ఆఫీసు మా ఇంట్లో ఇస్త్రీబల్ల మీదే నడుస్తుంది. ఒక చివర కంప్యూటరు, రెండో చివర మా ఆయన చొక్కాలు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ పంపుహౌస్ ప్రోగ్రాం సజావుగా నడిస్తే ఖాయం చేస్తానని మేనేజరు మాటిచ్చాడు. అందుకని ఇవాళ పొద్దున్నించీ ఆ పిల్ల మంచినీళ్లు కూడా ముట్టలేదు. నీళ్ల పంపుల మీద పని చేస్తూ.

ఊరి పంపుల్లో దేనికి ఒత్తిడి అన్నిటికన్నా తక్కువుందో ఆ ప్రోగ్రాం చెప్పాలి. లీకు అక్కడే గనక ఆ పంపు ఆపేస్తారు. పంపుహౌస్‌లో ఇంజనీరు, ఆఫీసులో మేనేజరు, మా గదిలో ఈమె, ముగ్గురూ ఒకే వీడియో ఫోన్‌లో ఉన్నారు. ప్రోగ్రాం రెండో పంపు అని చూపించింది. మేనేజరు శభాష్ అన్నాడు కూడా.

నేను చొక్కాల కోసం వెళ్లేసరికి ఈమె పంపుల ఒత్తిళ్ల పట్టిక మళ్లీ చదువుతోంది. మైకు ఆపి, నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, అది పంపు నంబరు కాదు. ఆ రెండు ఒత్తిడి అంకె."

నాకు అర్థమైనంతవరకూ సంగతిది. లోపల పేరు లేని ఒక ఫంక్షన్, అంటే ప్రోగ్రాంలో ఓ చిన్న ముక్క, ఉంది. అడిగినప్పుడల్లా పని చేసి పెడుతుంది, పేరుతో ఎవరూ పిలవరు. అలాంటివాళ్లు నాకు బాగా తెలుసు. అది జంటగా రెండు జవాబులిస్తుంది: ముందు తక్కువ ఒత్తిడెంతో, తర్వాత అది ఏ పంపుదో. మనకి కావలసింది రెండోది. కానీ ఈమె వాడే భాషలో ఆ ఫలితం లోంచి నేరుగా రెండోది తియ్యనివ్వరట. ముందు దాన్ని ఓ పేరున్న పెట్టెలో పెట్టాలి, అప్పుడు తియ్యాలి. తొందరలో ఈమె పెట్టె మానేసింది. పెట్టె లేకపోతే ఆ భాష మొదటిదే చేతిలో పెట్టి ఊరుకుంటుంది.

మరి పరీక్షించలేదా అన్నాను. పరీక్షించిందట. ఒకటో పంపుకి ఒత్తిడి ఒకటి, రెండోదానికి రెండు, అలా వరసగా వేసుకుంది. జవాబు ఒకటి రావాలి, ఒకటే వచ్చింది. రాక చస్తుందా?

"కరెంటు పోయిందని చెప్పు. ఈలోగా దిద్దుకో," అన్నాను. డిగ్రీ చదివి నేను నేర్చుకున్న తెలివి అంతే.

ఆమె వినే స్థితిలో లేదు. తెరలో ఇంజనీరు అప్పటికే పంపు ఆపే చక్రం మీద చెయ్యి వేశాడు. రెండో పంపు ఆసుపత్రి లైనుది.

"తిప్పుతున్నా మేడమ్, కాస్త బిగుసుకుంది," అన్నాడాయన.

ఆమె మైకు తెరిచింది.

"ఆపండి సార్. తిప్పకండి. నా ప్రోగ్రాం తప్పు చెప్పింది."

ఇంజనీరు చక్రం మీంచి చెయ్యి తీశాడు. ఆమె పెట్టె చేసింది, ఫలితం అందులో పెట్టింది, రెండోది తీసింది. ఐదు అని వచ్చింది. ఇంజనీరు ఐదో పంపు దగ్గరికి వెళ్లి చూసి, బోల్టు సందులోంచి నీళ్లు చిమ్ముతున్నాయని చెప్పాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఆసుపత్రి లైను ఆగిపోయుంటే తన గతేమిటన్నాడు. ఖాయం సంగతి ఇక మర్చిపొమ్మన్నాడు, నెలాఖరుకి లెక్క తేల్చేస్తానన్నాడు. మర్యాదగానే అన్నాడు.

ఆయన ఫోన్ పెట్టేశాక కూడా ఇంజనీరు లైన్లోనే ఉన్నాడు.

"మేడమ్, ఐదు ఆపేశా. ఇంకోసారి చూస్తారా? వేరే లీకుందేమో."

ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"చూస్తాను సార్. కొత్త అంకెలు పంపించండి," అంది.