ఎండ తగలని వీపు

పనిమనిషి పైడమ్మ తడిపి పిండిన గుడ్డతో నా వీపు తుడుస్తోంది. నేను ఒక దంతపు బొమ్మను. జానెడు కూడా ఉండను. చేటతో ధాన్యం చెరుగుతున్న ముసలి రైతుమ్మ రూపం నాది. పుట్టింది జపానులో. నన్ను చెక్కినవాడు చేటలోని గింజ గింజకీ విడిగా ఉలి ఆడించాడు. పొలంలో వంగి పనిచేసే మనిషిని ఎవరూ హాల్లో నిలబెట్టి చూసుకోరు. ఆమె బొమ్మను మాత్రం అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

నాకోసం ఒక ఏనుగు పోయింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. అసలా, నకిలీనా అనే అడిగారు. కోబే రేవులో కొట్టువాడు గోటితో గీకి చూశాడు. ఓడ ఇంజనీరు రామసోమయాజులు నన్ను తిరగేసి, దంతంలో ఉండే వలలాంటి గీతలు పాదాల కింద కనబడ్డాకే విశాఖపట్నం తెచ్చాడు. ఆయన పోయాక బీరువా తాళంచెవి భార్య సుభాషిణమ్మ బొడ్లోకి చేరింది. ఎండ తగలని ఆ బీరువాలో ఇరవై ఏళ్ళకి నేను తేనెరంగుకి తిరిగాను.

నిరుడు ఇంటికి రంగులు వేయిస్తూ ఆవిడే నన్ను తూర్పు కిటికీలో పెట్టింది. దారినపోయేవాళ్ళు చూడాలని ముఖం వీధివైపు తిప్పింది. తర్వాత మరిచిపోయింది. ఏడాది ఎండకి నా ముందువైపంతా తెల్లబడింది. ఇంట్లోవాళ్ళ వైపు ఉన్నది వీపే. దాన్ని పట్టించుకున్నది రోజూ తుడిచే పైడమ్మ ఒక్కతే. "మాయత్తా ఇలాగే సెరిగేది. నడుం ఎత్తేది కాదు" అని నాతో అనేది.

ఈవేళ బీరువాలో పెట్టడానికి నన్ను అందుకున్న సుభాషిణమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

"ఇది మాది కాదే."

"ఏటమ్మా?"

"మాది తేనెరంగులో ఉండేది. ఇదేమో సున్నం కొట్టినట్టుంది. నువ్వు తప్ప ఈ గదిలోకి ఎవరొస్తారు?"

"తొమ్మిదేళ్ళనుంచి వత్తన్నాను. ఒక్క సెంచా పోయిందా అమ్మా?"

"చెంచాకెవరు ఆశపడతారే?"

నా పెదవులు చెక్కినవాడు వాటిని మూసే చెక్కాడు.

సుభాషిణమ్మ దబ్బనం తెచ్చి పొయ్యి మీద ఎర్రగా కాల్చింది. ప్లాస్టిక్కు కరుగుతుందని, దంతం కరగదని భర్త చెప్పిన మాట ఆవిడకి గుర్తుంది. "నీ ముందే తేలుస్తాను. కరిగిందంటే పోలీసులకి చెప్పుకో" అంది. పైడమ్మ చేతిలో గుడ్డ నలిగిపోతోంది.

దబ్బనం నా పాదం కింద దిగలేదు. చిన్న మచ్చ పడి, కాలిన పంటి వాసన వచ్చింది.

"మాదే" అంది సుభాషిణమ్మ, మరోసారి వాసన చూసి. "సరేలే, గిన్నెలు చూడు. మరి ఇంత తెల్లగా ఎలా అయిందో ఏమిటో."

పైడమ్మ నన్ను ఆవిడ చేతిలోంచి తీసుకుంది. వీపు ఆవిడవైపు ఉండేలా బల్లమీద నిలబెట్టింది. అక్కడ తేనెరంగు అలాగే ఉంది. గుడ్డ మడిచి నా పక్కన పెట్టి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని, గిన్నెలు ముట్టకుండానే వెళ్ళిపోయింది.