రుక్కమ్మ చెప్పుకోని బాధ

రుక్కమ్మకు కడుపుబ్బరం మొదలైననాటికి కూతురు సుమిత్రకు ఏడో నెల. తొలికాన్పుకని ఆ పిల్లను నవాబుపేట నుంచి పుట్టింటికి, తాండూరుకు తెచ్చుకున్నారు. ఇల్లంతా సుమిత్ర చుట్టూ తిరుగుతున్న రోజులవి. తల్లి పొట్ట సంగతి ఎవరికి పడుతుంది?

మొదట్లో రుక్కమ్మ కూడా పట్టించుకోలేదు. కందిపప్పు పడలేదనుకుని మానేసింది. అయినా సాయంత్రమయ్యేసరికి పొట్ట బిగదీసుకుపోయేది. రెండు మూడు రోజులకోసారి గాని చెంబు పట్టుకుని బయటికి పోయే పని పడేది కాదు. పోయి వచ్చినా సుఖం ఉండేది కాదు. ఈ సంగతి పక్కింటి జహీరాబీ ఒక్కదానికే చెప్పుకుంది. ఆమె వాము కషాయం కాచి ఇచ్చింది, సునాముఖి ఆకు తెచ్చి ఇచ్చింది, ఆముదం తాగమంది. ఒక పూట తేలికయ్యేది, మళ్ళీ మామూలే.

"అక్కా, మస్తు దినాలాయె గిట్ల. అన్నతోని చెప్పి జర దవాఖానకు పో," అంది జహీరాబీ ఒకరోజు.

"ఏమని చెప్పాలె? దొడ్డికి సాఫ్‌గ అయితలేదని మొగోనితోని చెప్పాల్నా? సిగ్గు గాదా! ముందుగాల పోరి కానుపు కానీ. ఎన్కసిరి సూద్దాం."

ఆమె భర్త చంద్రప్ప నాపరాళ్ళ గనిలో బండలు కొట్టేవాడు. చెడ్డవాడు కాదు. పెళ్ళాం ఏమీ అనడం లేదంటే అంతా బాగానే ఉందనుకునే మనిషి. ఆమె రవిక చేతులు వదులైపోవడం, చీరకుచ్చిళ్ళు మాత్రం నడుము దగ్గర అందకపోవడం అతని కంటికి ఆనలేదు.

సుమిత్రకు ఆడపిల్ల పుట్టింది. పురుటి స్నానాలు, పథ్యం వంటలు, పసిగుడ్డల ఉతుకులు అన్నీ రుక్కమ్మే చూసుకుంది. ఒకరోజు కూతురి వీపు మీద వేణ్ణీళ్ళు పోస్తూ పోస్తూ గోడ పట్టుకుని కూలబడింది. లేవదీయడానికి నడుము చుట్టూ చేయివేసిన సుమిత్ర ఉలిక్కిపడింది.

"అమ్మా, గిదేందే? కడుపు గిట్ల డప్పు లెక్క బిగుసుకున్నదేందే?"

"వాయువు బిడ్డా. అదే పోతది."

"నాలుగు ముద్దలు తిని లేస్తున్నవు. చేతులు సూస్తే పుల్లలైనయి. ఎన్ని దినాల సంది గిట్లున్నది?"

రుక్కమ్మ తడిచేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం గని నుంచి వచ్చిన తండ్రికి సుమిత్రే అన్నీ చెప్పింది. చంద్రప్ప మర్నాడు పనికి పోకుండా భార్యను రైలెక్కించి వికారాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరమ్మ చంద్రప్పను బయట ఉండమని రుక్కమ్మ పొట్ట ఒత్తి చూసింది. పక్కకు తిరిగి పడుకోమని మళ్ళీ చూసింది. తర్వాత అతన్ని పిలిచింది.

"పొట్టలో నీరు చేరింది. గర్భసంచి పక్కన గడ్డ చేతికి తగులుతున్నది. ఇన్నాళ్ళు ఎందుకు ఆగినారు?"

"ఉబ్బరమే గద అనుకున్నది, అమ్మా. నాకైతే తెల్వనే తెల్వదు."

"ఉబ్బరం, మలబద్ధకం అందరికీ వస్తాయి, పోతాయి. కానీ రెండు మూడు వారాలైనా పోకుండా రోజూ ఉంటే, కొంచెం తినంగనే కడుపు నిండితే, మనిషి చిక్కిపోతుంటే ఇంటి మందులతో ఊరుకోవద్దు. పరీక్ష చేయించాలె."

"ఆలిశ్యమయిందా అమ్మా?"

ఆమె అతని ముఖం చూడకుండా చీటీ రాసింది. "పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపో. ఇవాళే పో."

పట్నంలో ఆపరేషన్ చేశారు. అది క్యాన్సర్ గడ్డ అనీ, పేగుల మీదికి కూడా పాకిపోయిందనీ, తీయడానికి వీల్లేదనీ చెప్పి కుట్లు వేసేశారు. నీరు తీసి ఇంటికి పంపారు.

ఆ తర్వాత చంద్రప్ప గని పని సగం మానుకున్నాడు. గంజి తనే కాచేవాడు. చీర తనే సర్దేవాడు. పొద్దున్నే మంచం పక్కన కూర్చుని, సిగ్గు అన్నది లేకుండా, "కడుపు సాఫయిందా?" అని అడిగేవాడు.

ఒకరోజు రుక్కమ్మ నవ్వింది. "గీ ముచ్చట ముందుగాల్నే అడగకపోతివి."

"నువ్వు చెప్పకపోతివి," అన్నాడతను.

మనవరాలు బోర్లాపడడం చూసింది రుక్కమ్మ. అది కూర్చోవడం నేర్చేసరికి ఆమె లేదు.

కొన్నేళ్ళు గడిచాయి. చంద్రప్ప నవాబుపేటకు కూతుర్ని చూడబోయినప్పుడు సుమిత్ర అన్నం పళ్ళెం తెచ్చిపెట్టి మాటల్లో అంది: "నాయినా, నాకు గూడ నెల సంది కడుపు ఉబ్బరముంటున్నది. దొడ్డికి సక్కగ అయితలేదు."

చంద్రప్ప పళ్ళెంలోనే చేయి కడిగేసుకున్నాడు. "లే. పోదాం."

"తిని పోదాం నాయినా."

"లే బిడ్డా."

వికారాబాద్‌లో పొట్ట ఒత్తి చూశారు, రక్తం తీసుకున్నారు, పొట్ట లోపలి ఫొటో తీశారు. అన్నీ చూసి గడ్డ లేదు, నీరు లేదు, పేగు ఎండి మలబద్ధకమైంది అంతే అన్నారు. నీళ్ళు బాగా తాగమన్నారు, ఆకుకూరలు తినమన్నారు. తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు.

సుమిత్ర నవ్వుతూ బయటికొచ్చింది. చంద్రప్ప వరండాలో నేలమీద కూర్చుని, పెద్దరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఏం లేదన్నరు గద నాయినా. ఫికరెందుకు?"

"ఫికర్ కాదు బిడ్డా. మీ అమ్మను గూడ గిట్లనే తోలుకొస్తే, గీ మాటనే అందురేమో."

సుమిత్ర అతని పక్కనే నేలమీద కూలబడింది. ఇక ఆమెకూ ఏడుపు ఆగలేదు.