నాలుగు మడతల నోటు

బుద్ధగయ బజారులో మా బర్మా వాళ్ళను గుర్తుపట్టాలంటే డబ్బు తీసే తీరు చూస్తే చాలు. సంచిలోంచి ముందు ఒక అట్టపుస్తకం బయటికి వస్తుంది. దాని పేజీల మధ్యనుంచి డాలరు నోటును రెండు వేళ్ళతో, చంటిపిల్లను ఉయ్యాల్లోంచి ఎత్తినట్టు ఎత్తుతారు. మా దేశంలో డాలరు మీద మడత కనిపిస్తే పావు ధర కోస్తారు. సిరా చుక్క ఉంటే సగం పోతుంది. చిరుగు ఉందా, డబ్బు మార్చే షాపువాడు మనిషి మొహం కూడా చూడడు. పదకొండేళ్ళుగా యాత్రికులను ఇక్కడికి తీసుకొస్తున్నాను, బయటి సంగతులన్నీ తెలుసు, అయినా నోటు మడవాలంటే నాకూ చెయ్యి రాదు.

ఈసారి నా గుంపులో ఓన్ సెయిన్ పెద్దమ్మ ఉంది. మా దేశంలో మోల్మీన్ ఊళ్ళో పొద్దున్నే చేపల పులుసు, సేమ్యా అమ్ముకునే మనిషి. అరవై ఎనిమిదేళ్ళు. ఆమె వచ్చింది ఒకే ఒక్క పని మీద. ఓడల్లో పనిచేసి, ఆరేళ్ళ కిందట పోయిన భర్త పేరు మీద ఇక్కడి మా విహారంలో భిక్షువులకు ఒక పూట భోజనం పెట్టాలి. అందుకు పద్నాలుగు వేల రూపాయలు, ముందురోజు మధ్యాహ్నం పన్నెండులోపు కట్టాలి. ఎల్లుండి తెల్లవారుజామున మా బస్సు బయలుదేరుతుంది. అంటే రేపే పెట్టాలి, ఇవాళే కట్టాలి. కాశీలో ఆమెకు జ్వరం తగిలి, దాచుకున్న మంచి నోటు కాస్తా ఆస్పత్రికి పోయింది. చేతిలో మిగిలింది ఆరు వేల ఎనిమిది వందలు.

"నేను సర్దుతాను పెద్దమ్మా. ఊరెళ్ళాక ఇద్దువుగాని" అన్నాను.

"నీ డబ్బుతో పెడితే పుణ్యం నీది. ఆయనకేం ముడుతుంది?"

"పోనీ, నాకూ కాస్త పుణ్యం రానీ. నీ సొమ్మేం పోయింది?"

"నీక్కావాలంటే నువ్వు వేరే పెట్టుకో తల్లీ. నా మొగుడికి నేనే పెట్టుకోవాలి."

నాకు ఒళ్ళు మండింది. అప్పటికే పదిన్నర దాటింది. "అయితే ఏం చేద్దామని? బోధివృక్షం కింద కూర్చుని ఏడుద్దామా?" అని గట్టిగానే అనేశాను. ఆమె మంచం మీద కూర్చుని తన అట్టపుస్తకం తెరిచి, చివరి పేజీ దగ్గర గుడ్డలో చుట్టి ఉన్నదాన్ని విప్పింది. వంద డాలర్ల నోటు. నిలువునా ఒక మడత, అడ్డంగా ఒక మడత, మధ్యలో కూడిక గుర్తులాగా తెల్లగా అరిగిపోయిన గీతలు. అది చూడగానే నాక్కూడా "అయ్యో" అని నోరుజారింది.

"చూశావా, నువ్వూ అన్నావు" అంది పెద్దమ్మ. "ఆయన ఆఖరిసారి ఓడ దిగొచ్చినప్పుడు తెచ్చాడు. దొంగల భయానికి నాలుగు మడతలేసి బెల్టు లోపల కుట్టించుకున్నాడట. ఇది మనిద్దరం బుద్ధగయ వెళ్ళడానికే అన్నాడు. నేను విప్పి చూసి నానా మాటలన్నాను. యాంగోన్‌లో ఏడు షాపులు తిరిగాను. ఒక్కడు కూడా తీసుకోలేదు. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను, ఏడాది పరుపు కింద పెట్టాను. పోలేదు."

"ఇంత నోటు పెట్టుకుని నాతో ఒక్క మాట చెప్పలేదేం? లే పెద్దమ్మా, లే. ఇక్కడ చెల్లుతుంది."

"వద్దమ్మా. పరాయి దేశంలో చెల్లని నోటు చూపించి పరువు పోగొట్టుకోమంటావా?"

రిక్షా ఎక్కించేసరికి నా ఓపిక అయిపోయింది.

డబ్బు మార్చే సిద్ధేశ్వర్ దుకాణం విహారానికి రెండు వీధుల అవతల. చలికాలమంతా మా వాళ్ళతోనే బేరం గనుక అతనికి మా భాష వచ్చు, మా వెటకారం ఇంకా బాగా వచ్చు. "రావమ్మా రా, పుస్తకం తెచ్చావా? ఏ అధ్యాయంలో ఉంది డాలరు?" అన్నాడు.

పెద్దమ్మ నోటు బల్ల మీద పెట్టి, దాని మీదే చెయ్యి ఆనించి ఉంచింది. "నాయనా, ముందే చెప్తున్నా. దీనికి మడతలున్నాయి. నువ్వెంతిస్తే అంతే పుచ్చుకుంటా. సగమిచ్చినా సరే."

"చెయ్యి తీస్తే కదమ్మా చూసేది."

ఆమె చెయ్యి తీసింది. సిద్ధేశ్వర్ నోటును వెలుతురుకు పెట్టి చూశాడు, వేలితో గరుకు తడిమాడు, మిషన్‌లో పెట్టి తీశాడు. ఎనిమిది వేల మూడు వందలు లెక్కపెట్టి బల్ల మీదికి తోశాడు. తర్వాత ఆ వంద డాలర్ల నోటును, పాత మడతల మీదుగానే, చటుక్కున నాలుగుగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యయ్యో, మడవకు నాయనా!" అని పెద్దమ్మ కేకేసింది.

"ఏమైందమ్మా? డబ్బు మడవక చుట్టలు చుట్టుకుంటామా?"

"ఎంతకి కోశావు?"

"ఏం కోయాలి? వందకి వందా ఇచ్చా. అది డాలరమ్మా, పట్టుచీరా ఏమన్నా? ప్రపంచంలో మీరు తప్ప ఎవరూ మడతలు చూడరు."

నాకు నవ్వొచ్చింది. పెద్దమ్మ వైపు చూస్తే నవ్వు ఆగిపోయింది. ఆమె రూపాయలు తీసుకుని బయటికి వచ్చి, దుకాణం మెట్టు మీద కూలబడింది.

"ఆయన ఇదే మాట చెప్పాడే" అంది. "'బయట ఎవడూ చూడడే పిచ్చిదానా, అక్కడికెళ్ళి మార్చుకుందాం' అన్నాడు. నలభై ఏళ్ళు నాలుగు సముద్రాలు తిరిగిన మనిషి చెప్తుంటే, తప్పు చేసి సాకులు చెప్తున్నాడనుకున్నా. మూడు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. ఆ వానల్లోనే పోయాడు."

నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. పదకొండేళ్ళలో ఎంతమంది యాత్రికుల మీద విసుక్కున్నానో, ఆ క్షణంలో అందరూ గుర్తుకొచ్చి సిగ్గేసింది. పన్నెండుకు పది నిమిషాలుందనగా విహారంలో డబ్బు కట్టేశాం.

మర్నాడు పొద్దున భిక్షువులు తిన్నాక, పుణ్యం పంచే నీళ్ళు వదలడానికి పెద్దమ్మ చెంబు పట్టుకుని కూర్చుంది. గిన్నెలోకి చుక్కచుక్కగా పోస్తూ చదవాల్సిన మాటలన్నీ తప్పులేకుండా చదివింది. చివర భర్త పేరు చెప్పి, ఎక్కడున్నా వచ్చి అందుకోమని పిలవాలి. ఆమె పిలిచింది. పిలిచి, అంతటితో ఆగలేదు. అంతమంది భిక్షువుల ముందు గొంతెత్తి, "నీ నోటు చెల్లిందయ్యా. పూర్తిగా చెల్లింది. తప్పు నాదే, రా" అంది.

పెద్ద భిక్షువు తల ఊపి, దానాన్ని మెచ్చే మాటగా "సాధు" అన్నాడు. మేమందరమూ అన్నాం.